బాగుచేయలేరు, తీసేయరు: బ్రైటన్ వెస్ట్ పియర్ చిక్కుముడి

లండన్ నుంచి బ్రైటన్‌కి రైల్లో గంట ప్రయాణం. బందరు నుంచి వచ్చిన మా బాబాయిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. ఒడ్డున అడుగు పెట్టగానే ఆయన మొదటి ఫిర్యాదు ఇసక లేదని. అక్కడంతా గుడ్డంతా పిడికిలంతా ఉండే గులకరాళ్లే. రెండోది, నీళ్లలో ఒంటరిగా నిలబడిన ఇనుప అస్థిపంజరం.

"అదేంట్రా, తుఫానుకి రేకులెగిరిపోయిన గోదాములా ఉంది?"

"వెస్ట్ పియర్ బాబాయ్, సముద్రంలోకి కట్టిన షికారు వంతెన. 1866లో కట్టారు, 1975లో మూసేశారు."

"మూసి యాభై ఏళ్లవుతుంటే బాగుచెయ్యరేం? బాగుచెయ్యకపోతే తీసెయ్యరేం? ఇనుమైనా తూకానికి పోతుందిగా."

ఒడ్డున నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు నా దగ్గర లేకపోయింది. బ్రైటన్ పియర్లు ఈమధ్య మళ్లీ వార్తలకెక్కాయి కాబట్టి ఆ జవాబు ఇప్పుడు వివరంగా చెప్పుకోవచ్చు. కిలోమీటరు అవతల ఇంకా నడుస్తున్న ప్యాలెస్ పియర్ 2024 మే నెలలో, ఊరివాళ్లు కానివారికి ఒక పౌండు ప్రవేశ రుసుము పెట్టింది. అదే ఏడాది నవంబరులో వెస్ట్ పియర్ ఒడ్డున నిలబెట్టిన ఐ360 అనే వీక్షణ గోపురం అప్పులు తీర్చలేక దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సముద్రంలోకి నడిచి వెళ్లడానికి డబ్బులేమిటని కొందరు, ప్రజల సొమ్ము మునిగిందని కొందరు గొడవ చేశారు. ఈ రెండు గొడవలకీ మూలం ఒకటే, అది నూటయాభై ఏళ్ల నాటిది.

అవతలి ఒడ్డు లేని వంతెన

ముందు మాటలు తేల్చుకుందాం. రాళ్లు పోసి అలల్ని ఆపేది బ్రేక్‌వాటర్. రేవులో పడవ కట్టుకుని సరుకు దించుకునేది జెట్టీ. పియర్ అంటే కాళ్ల మీద నిలబడి సముద్రంలోకి సాగే వంతెన, కాకపోతే దానికి అవతలి ఒడ్డు ఉండదు. అది అలల్ని ఆపదు, కాళ్ల సందుల్లోంచి పోనిస్తుంది.

మొదట్లో దీని పని విహారం కాదు. ఇంగ్లండు తీరంలో చాలాచోట్ల పాటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కిపోతాయి. పడవ ఒడ్డుకి రాలేదు, దిగినవాళ్లు బురదలో నడవాల్సిందే. ఆ బాధ తప్పించడానికే 1814లో వైట్ ద్వీపంలోని రైడ్ దగ్గర పియర్ కట్టారు. ఇప్పుడు మిగిలిన వాటిల్లో అదే పాతది. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట సౌతెండ్ ఉంది. అక్కడి లోతులేని నీళ్ల పుణ్యమా అని ఆ ఊరి పియర్ పెరిగి పెరిగి 2 కిలోమీటర్లు దాటింది. కొస దాకా నడవలేనివాళ్ల కోసం దాని మీద చిన్న రైలే నడుస్తుంది.

బ్రైటన్‌లో మొదటిది 1823 నాటి చెయిన్ పియర్. నౌకాదళంలో పనిచేసిన శామ్యూల్ బ్రౌన్ దాన్ని వేలాడే వంతెన పద్ధతిలో గొలుసులతో కట్టాడు. ఫ్రాన్సులోని దియెప్‌కి వెళ్లే ఓడలు అక్కడ ఆగేవి. అయితే ఓడెక్కే పనిలేనివాళ్లు కూడా ఊరికే అటూఇటూ తిరగడానికి డబ్బిచ్చి లోపలికొస్తున్నారు. ఇది గమనించినవాళ్లకి కొత్త వ్యాపారం కనిపించింది. ఓడ లేకపోయినా ఫరవాలేదు, నడవనిస్తే చాలు. అలా పుట్టినవే విహార పియర్లు.

గుడ్డివాడి మర, బర్చ్ బుర్ర

కట్టడం సులువయ్యాకే వాటి సంఖ్య పెరిగింది. కొయ్య దూలాల్ని సముద్రపు పురుగు తొలిచేస్తుంది. రాతి పునాది వెయ్యాలంటే బోలెడు డబ్బు కావాలి. దీనికి విరుగుడు కనిపెట్టినవాడు అలెగ్జాండర్ మిచెల్ అనే ఐర్లండు ఇంజినీరు. ఆయనకి చూపు లేదు. ఇనుప స్తంభం అడుగున వెడల్పాటి మర బిగించి, సముద్రపు నేలలోకి తిప్పి దించడం ఆయన ఆలోచన. సీసా బిరడాలోకి మరను తిప్పినట్టే. పైన అడ్డకొయ్యలు కట్టి, కూలీలు గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ తోస్తుంటే స్తంభం కిందికి దిగుతుంది. ఇసకలోనూ బురదలోనూ కూడా పట్టు దొరుకుతుంది. 1833లో పేటెంటు తీసుకున్నాడు. ముందు దీపస్తంభాలకు వాడారు.

ఆ పద్ధతిని విహార పియర్లకు తెచ్చినవాడు యుజీనియస్ బర్చ్. 1855లో మార్గేట్‌లో మొదలుపెట్టి, జీవితకాలంలో 14 పియర్లు గీశాడు. కలకత్తా–ఢిల్లీ రైలుమార్గం పనుల్లో కూడా ఆయన చెయ్యి ఉంది. వెస్ట్ పియర్ దీపస్తంభాలకు ఇనుప పాములు చుట్టుకుని ఉండేవి. ఆ పోకడ బ్రైటన్‌లో రాజుగారి విహార మహలు, రాయల్ పెవిలియన్ అలంకరణ నుంచి తెచ్చాడంటారు. బయట గుమ్మటాలతో హిందుస్థానీ మహల్లా కనిపించే ఆ పెవిలియన్‌లోనే మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన భారత సైనికులకు ఆసుపత్రి పెట్టారు.

ఇనుప పియర్లు మనవైపూ వచ్చాయి, కానీ వాటి పని వేరు. 1860ల తొలినాళ్లలో చెన్నపట్నంలో ఒకటి లేచింది. సరిగ్గా వెస్ట్ పియర్ తెరిచిన 1866లోనే పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు ఒకటి కట్టారు. రెండూ సరుకు కోసమే. పుదుచ్చేరి పియర్‌ని 1952 తుఫాను పట్టుకుపోయింది. తర్వాత కట్టిన కాంక్రీటు పియర్‌లో ఒక ముక్క 2022 మార్చిలో కూలింది. ఉప్పునీళ్లకు ఇంగ్లండు, ఇండియా అన్న భేదం లేదు.

వాటాలు అమ్మి కట్టిన షికారు

విక్టోరియా కాలపు పియర్ ప్రభుత్వపు కట్టడం కాదు, లాభం కోసం పెట్టిన కంపెనీ. మూడు సంగతులు కలిసొచ్చాయి. వాటాదారు తను పెట్టినదానికి మించి నష్టపోకుండా పరిమిత బాధ్యత చట్టాలు 1855 నుంచి వచ్చాయి. 1861 నాటి పియర్లు, రేవుల చట్టంతో అనుమతి తెచ్చుకోవడం తేలికైంది. రైళ్లేమో అప్పటికే ఊళ్లను తీరానికి కలిపేశాయి. లండన్–బ్రైటన్ లైను 1841లోనే పూర్తయింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చి, గుమాస్తాలకూ పనివాళ్లకూ సముద్రం చూసొచ్చే తీరిక ఇచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటికి తీరం వెంట దాదాపు వంద పియర్లు లేచాయి.

వెస్ట్ పియర్ 1866 అక్టోబర్ 6న తెరుచుకుంది. పొడవు 1,115 అడుగులు, ఖర్చు సుమారు 27,000 పౌండ్లు. టికెట్టు గదులు సముద్రాన్ని కప్పేస్తాయని ఎదురుగా రీజెన్సీ స్క్వేర్‌లో ఉండే పెద్దింటివాళ్లు అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ వినిపిస్తుంది. మొదట్లో దాని మీద నాటకశాల లేదు, ఆటల్లేవు. ఈదురుగాలికి అడ్డంగా అద్దాల తెరలు, బెంచీలు, నాలుగైదు ముచ్చటైన చిన్న గదులు, అంతే. మంచి బట్టలు వేసుకుని, ఓడెక్కకుండానే నీళ్ల మీద నడిచొచ్చి, పదిమందికీ కనబడటం అప్పటి వినోదం.

తర్వాత జనం మారారు, పియరూ మారింది. 1893లో కొసన పెవిలియన్ అనే వినోద మందిరం కట్టారు. కొన్నేళ్లకు దాన్ని నాటకశాల చేశారు. 1916లో మధ్యలో కచేరీ హాలు వచ్చింది. విహార స్టీమర్లు ఆగేవి. సైకిల్ తొక్కుతూ వచ్చి సముద్రంలోకి దూకే సాహసగాళ్లుండేవారు. మొదటి యుద్ధం ముగిసిన వేళ, 1918–19లో, 20 లక్షల మంది వచ్చారని లెక్క.

పెన్నీ లెక్క

అంత జనం వచ్చిన వ్యాపారం ఎలా మునిగింది? ఒక లెక్క వేసి చూద్దాం. సులువుగా ఉండటానికి తల ఒక్కింటికి గేటు దగ్గర ఒక పెన్నీ అనుకుందాం. ఇది ఉదాహరణ కోసం నేను పెట్టుకున్న ధర. అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు. 20 లక్షల పెన్నీలంటే దాదాపు 8,333 పౌండ్లు. కట్టిన ఖర్చులో సుమారు మూడోవంతు ఒక్క ఏడాదిలో గేటు దగ్గరే వచ్చేసింది. వాటాదారులకు అంతకంటే కావలసిందేముంది?

ఇప్పుడు జనం అయిదో వంతుకు పడిపోయారనుకుందాం. 4 లక్షల పెన్నీలు, అంటే 1,666 పౌండ్లు. ఆదాయం అయిదో వంతైంది, మరి స్తంభాలో? అన్నీ అలాగే ఉన్నాయి. పలకలూ కమ్మీలూ మరలూ ఒక్కటీ తగ్గలేదు. పైగా ముప్పై, నలభై, యాభై ఏళ్లు పాతబడ్డాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. పియర్‌కి ఆదాయం ఎండ కాసిన రోజు వస్తుంది, ఖర్చు పన్నెండు నెలలూ నడుస్తుంది. వాన పడిన ఆగస్టు వచ్చిందంటే ఆ ఏడాది పోయినట్టే, కానీ వాన పడిందని తుప్పు సెలవు పెట్టదు. మా బాబాయికి ఈ సంగతి చెబితే సగంలోనే ఆపేశాడు. ఆయన ఇరవై ఏళ్లు రైస్‌మిల్లు నడిపాడు. "మిల్లు ఆడినా ఆడకపోయినా బేరింగులు అడిగేది అడుగుతాయి. వడ్లు రాని ఏడాది గ్రీజు కొనడం మానేస్తాం. మిల్లు చచ్చేది ఆ ఏడాదే, మనకి తెలిసేది అయిదేళ్లకి" అన్నాడు. పియర్ల మీద నేను చదివిన వాటిల్లో ఇంత సూటిగా చెప్పింది తక్కువ.

తుప్పు ఎక్కడ పడుతుంది

పాటు వచ్చి నీళ్లు తగ్గాక గులకరాళ్ల మీదుగా ఒడ్డు చివరిదాకా వెళ్లి చూస్తే స్తంభాలు మూడు రంగుల్లో కనబడతాయి. అడుగున నల్లగా, ఆల్చిప్పలూ నాచూ పట్టి ఉంటుంది. మధ్యలో ఇటుక రంగులో పొరలు పొరలుగా లేచి, అరిసె అంచులా పెళుసుబారి ఉంటుంది. పైన గోధుమ రంగు. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న ఇనుముకి గాలి సరిగా అందదు, తుప్పు నెమ్మది. తడుస్తూ ఆరుతూ అలల తుంపర తగిలే మధ్యభాగానికి ఉప్పూ నీరూ గాలీ మూడూ పుష్కలం. తినేసేది అక్కడే.

ఇనుములో కూడా రెండు రకాలు కలిపి కట్టారు. నిలువు స్తంభాలు పోత ఇనుము: బరువు మోయడంలో దిట్ట, కానీ పెళుసు, వంగమంటే విరుగుతుంది. వాటిని కలిపే అడ్డకమ్మీలు, దూలాలు సాగగొట్టిన ఇనుము: లాగుడికి తట్టుకుంటుంది, కానీ సన్నగా ఉంటుంది కాబట్టి తుప్పుకి ముందు లొంగిపోతుంది. అడ్డకమ్మీ పోయిందంటే స్తంభం ఒంటరైపోతుంది. పక్కనుంచి అల కొడితే అది విరగక ఏం చేస్తుంది? దూరం నుంచి చూసేవాళ్లకి స్తంభాలన్నీ నిటారుగానే కనబడతాయి, "గట్టిగానే ఉందిగా" అనిపిస్తుంది.

దీనికి తోడు 1940. జర్మన్ సేనలు తీరంలో దిగితే పియర్లు వాళ్లకి తయారుగా ఉన్న రేవులవుతాయని, దక్షిణ, తూర్పు తీరాల్లో చాలా పియర్లకు మధ్యలో ముక్క తీసేశారు. బ్రైటన్‌లో రెండింటికీ అదే జరిగింది. యుద్ధం ముగిశాక అతికించి తెరిచారు. వెస్ట్ పియర్ నాటకశాల మళ్లీ నాటకశాల కాలేదు. కింద ఆటల హాలు, పైన ఫలహారశాల పెట్టారు.

తప్పెవరిది: నాలుగు వాదనలు

1970లో సముద్రపు కొస ప్రమాదకరమని మూసేశారు. 1975లో పియర్ మొత్తం మూతపడింది, నడిపిన కంపెనీ కూడా ముగిసిపోయింది. దీనికి కారణం ఎవరంటే బ్రైటన్‌లో ఎవరి జవాబు వారిది.

ఎక్కువగా వినిపించేది జనం స్పెయిన్‌కి పోయారనే మాట. విమానం టికెట్టు, హోటలు కలిపి అమ్మే చవక ప్యాకేజీలు 1960ల్లో ఊపందుకున్నాయి. గ్యారంటీగా ఎండ కాసే చోటు దొరికాక చలిగాలి పియర్ ఎవరిక్కావాలి? ఇందులో నిజముంది. కానీ ఇదొక్కటే కారణమైతే ప్యాలెస్ పియర్ కూడా పోవాలి. అదే ఊరు, అదే గాలి, అదే జనం. అది ఇవాళ్టికీ కిటకిటలాడుతోంది.

రెండోది యజమానుల్ని తప్పుపట్టే వాదన. వచ్చినన్నాళ్లూ పిండుకుని మరమ్మతు వాయిదా వేశారని. న్యాయంగా చెప్పాలంటే లాభం కోసం పెట్టిన కంపెనీ లాభం లేనిచోట డబ్బు పెట్టకపోవడంలో వింత లేదు. వింతల్లా, అలాంటి కంపెనీ చేతిలో ఊరికంతటికీ ముఖచిత్రంలాంటి కట్టడం ఉండటం.

సముద్రాన్నీ నిప్పునీ అనేవాళ్లు మూడో జట్టు. చెయిన్ పియర్‌ని 1896 డిసెంబరు తుఫాను తీసుకుపోయింది. బర్చ్ మొదటి పియర్ మార్గేట్‌ది 1978 జనవరి తుఫానులో పోయింది. కాళ్లు ఇనుమైనా పైనున్నది కొయ్య, కాబట్టి సౌతెండ్ 1959లో, 1976లో, 2005లో కాలింది. 1986లో ఒక ఓడ దాన్ని గుద్ది మధ్యలోంచి దూసుకుపోయింది. అయినా సౌతెండ్ నిలబడే ఉంది. అంటే దెబ్బ తగలడం కాదు, తగిలాక డబ్బు పెట్టే చెయ్యి ఉందా లేదా అన్నదే తేడా. అక్కడ ఆ చెయ్యి ఊరి కౌన్సిల్‌ది.

నాలుగో వాదన వారసత్వ రక్షణ పేరుతో జరిగిన జాప్యం గురించి. అది అర్థం కావాలంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి.

'గ్రేడ్ 1' అంటే కాపాడటమా, కట్టిపడేయడమా?

ఇంగ్లండులో చారిత్రక విలువ ఉన్న కట్టడాల్ని జాబితాలో చేరుస్తారు. గ్రేడ్ 2, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 1 అని మూడు మెట్లు. గ్రేడ్ 1 దక్కేవి నూటికి రెండున్నర మాత్రమే. వెస్ట్ పియర్‌ని 1969లో జాబితాలో చేర్చి, 1982లో గ్రేడ్ 1కి పెంచారు. ఆ హోదా పొందిన మొదటి పియర్ అదే. అప్పటికి అది మూతపడి ఏడేళ్లు.

మనవాళ్లు ఇక్కడే పొరపడతారు. మన కేంద్ర పురావస్తు శాఖ నీలం బోర్డు పెట్టిన గుడికో కోటకో మరమ్మతు బాధ్యత ఆ శాఖ చూసుకుంటుంది. ఇంగ్లండు జాబితా అలాంటిది కాదు. అది అడ్డు చెబుతుంది తప్ప డబ్బివ్వదు. అనుమతి లేకుండా కూల్చకూడదు, మార్చకూడదు. మరమ్మతు ఖర్చు మాత్రం యజమానిదే. సాయం అడగొచ్చు, వస్తుందన్న హామీ లేదు. డబ్బున్న యజమాని చేతిలో ఉన్న కట్టడానికి ఈ హోదా కవచం. యజమాని లేని కట్టడానికి మాత్రం, కదలనివ్వని సంకెల.

హోదా లేకపోతే ఏమయ్యేదో కూడా చెప్పాలి. 1970ల్లోనే కొసన ఉన్న ముక్క కూల్చేసి చేతులు దులుపుకునేవారు. ఊరివాళ్లు ఉద్యమించింది అందుకే. వాళ్లే ట్రస్టుగా ఏర్పడి 1983లో పియర్‌ని కొనుక్కున్నారు. ధర 100 పౌండ్లు. 27,000తో కట్టిన దాన్ని వందకి అమ్మారంటే అది ఆస్తిగా చేతులు మారలేదు, బరువుగా మారింది.

చేతికందిన కోటీ నలభై రెండు లక్షలు

1987 అక్టోబరు పెనుతుఫాను మరింత దెబ్బతీసింది. అయినా 1990ల్లో గట్టి టోపీలు పెట్టుకుని లోపలికెళ్లి చూసే టూర్లు నడిచాయి. 1998లో నేషనల్ లాటరీ నిధి నుంచి 1.42 కోట్ల పౌండ్లు మంజూరయ్యాయి. అది మొత్తం పనికి చాలదు. మిగతాది ప్రైవేటు భాగస్వామి పెట్టాలి, పెట్టినవాడికి తిరిగి రావాలి కాబట్టి ఒడ్డువైపు దుకాణాలూ హోటళ్లతో కొత్త భవనాలు కట్టాలనే పథకం తయారైంది.

దాంతో పంచాయితీ మొదలైంది. ఒడ్డు భవనాలు సముద్రాన్ని కప్పేస్తాయని చుట్టుపక్కలవాళ్లు అన్నారు; 1866 నాటి మాటే. ప్రజల సొమ్ముతో నిలబెట్టిన పియర్ మా వ్యాపారంతో పోటీపడటం అన్యాయమని ప్యాలెస్ పియర్ యజమానులు అభ్యంతరం పెట్టారు. పైకి స్వార్థంలా కనిపిస్తుంది గానీ ఆ అభ్యంతరాన్ని తోసిపారెయ్యలేం. సొంత డబ్బుతో తుప్పుతో కుస్తీ పట్టేవాడి పక్కనే, మరొకడికి కుస్తీ ఖర్చు ఊరంతా ఇస్తానంటే అడగడా? ట్రస్టు మాట ఇంకోలా ఉంది: మాది ఆటల దుకాణం కాదు, కాపాడాల్సిన కట్టడం, వచ్చిన లాభం దాని కాళ్లకే పోతుంది. రెండూ నిజాలే. అనుమతులు, అభ్యంతరాలు, చర్చలతో ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో అడ్డకమ్మీల మీద తుప్పు తన పని తాను చేసుకుపోయింది.

2002 డిసెంబరు 29న కచేరీ హాలుకీ పెవిలియన్‌కీ మధ్య నడవ కూలింది. మరుసటి నెలలో ఇంకొంత. 2003 మార్చి 28న పెవిలియన్ అంటుకుంది. దారి తెగిపోయి ఉంది కాబట్టి అగ్నిమాపక దళం దాని దగ్గరికి వెళ్లలేకపోయింది. మేలో కచేరీ హాలూ కాలింది. ఎవరో కావాలనే తగలబెట్టారన్న అనుమానం ఊళ్లో ఇప్పటికీ పోలేదు. 2004 జనవరిలో లాటరీ నిధి వెనక్కి తగ్గింది. జూన్‌లో గాలికి మధ్యభాగం ఒరిగింది. ఆ వేసవిలోనే వారసత్వ సంస్థ ఇంగ్లిష్ హెరిటేజ్ ఇక బాగుచేయడం సాధ్యం కాదని తేల్చేసింది. 2014 ఫిబ్రవరి తుఫాను మిగిలిన దాన్ని రెండు ముక్కలు చేసింది.

బతికిన పియర్ ఏం పోగొట్టుకుంది

ప్యాలెస్ పియర్ కథ చెప్పకుండా ఇది పూర్తికాదు. 1899లో తెరుచుకుంది. చెయిన్ పియర్ తీసేస్తేనే దీన్ని కట్టనిస్తామని షరతు పెడితే, 1896 తుఫాను ఆ పని ఉచితంగా చేసిపెట్టింది. 1973లో కట్టు తెంచుకున్న ఒక బార్జి దాని నాటకశాలని గుద్దింది. 1986లో నాటకశాలని విప్పి తీశారు, తిరిగి పెడతామన్న మాట మీద. తిరిగి రాలేదు. ఆ చోట ఇప్పుడు రోలర్‌కోస్టరు, రంగులరాట్నాలు. 1984లో చేతులు మారాక గేటు దగ్గర డబ్బు తీసుకోవడం మానేసి, లోపల ఆటల యంత్రాల మీద సంపాదించడం మొదలుపెట్టారు. 2016లో దాన్ని 1.8 కోట్ల పౌండ్లకు అమ్మారు. వందకి అమ్ముడైన పియర్‌కి కిలోమీటరు దూరంలో.

అంటే అక్కడ వ్యాపారం బతికింది, నాటకశాల పోయింది. ఇక్కడ నాటకశాల పోకూడదని పట్టుబడితే రెండూ పోయాయి. ఏది మెరుగు? బర్చ్ పనితనం ప్రాణమనుకునే వాళ్లు మొదటిదాన్ని చూసి ముక్కు విరుస్తారు. పిల్లల్ని తీసుకొచ్చే తండ్రికి ఆ గొడవే పట్టదు. నా మటుకు నాకు చిప్స్ పొట్లంతో జనం తిరిగే పియరే అసలు పియర్ అనిపిస్తుంది, ఎందుకంటే పుట్టిందే షికారు కోసం. కానీ వెస్ట్ పియర్ పాత ఫోటోలు చూసినప్పుడల్లా ఆ మాట అంత ధీమాగా అనలేను. 2024లో గేటు దగ్గర పౌండు తిరిగొచ్చిందంటే, ఆటల యంత్రాలు కూడా ఖర్చుల్ని తట్టుకోలేకపోతున్నాయని అర్థం. నూటయాభై ఏళ్ల కిందటి టోల్‌గేటు మళ్లీ తెరిచారు.

మూడో దారి లేదా?

ఉంది, కానీ నున్నగా లేదు. హేస్టింగ్స్ పియర్ కూడా బర్చ్‌దే, 1872లో ఆగస్టు బ్యాంకు సెలవు రోజున తెరుచుకుంది. 2010లో కాలిపోయింది. లాటరీ నిధి 1.14 కోట్ల పౌండ్లిచ్చింది, దాదాపు మూడు వేలమంది మామూలు మనుషులు వాటాలు కొన్నారు, 2016లో కొత్త రూపుతో తెరిచారు. 2017లో బ్రిటన్‌లో వాస్తుశిల్పానికిచ్చే స్టిర్లింగ్ బహుమతి దానికే దక్కింది. అదే ఏడాది నవంబరులో నడిపే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కట్టడానికి డబ్బు దొరకడం వేరు, ఏటా రంగులు వేయడానికి దొరకడం వేరు. బహుమతులకూ గ్రాంట్లకూ మొదటిదే నచ్చుతుంది.

క్లీవ్‌డన్‌ది కొంత ఊరటనిచ్చే కథ. 1869లో పాత రైలు పట్టాలతో కట్టిన సన్నటి పియర్ అది. 1970లో బీమా కోసం బరువు పరీక్ష పెడితే రెండు కమానులు కూలాయి. కౌన్సిల్ కూల్చేద్దామంది, ఊరు ఒప్పుకోలేదు. చందాలూ గ్రాంట్లూ పోగుచేసి, విప్పి, బాగుచేసి, 1989లో మళ్లీ తెరిచారు. ఇప్పుడది గ్రేడ్ 1, నడుస్తోంది. అయితే దాని మీద కాపాడాల్సిన పెద్ద నాటకశాల లేదు, కచేరీ హాలు లేదు; అది ఒక నడవ, చివర చిన్న మండపం. వెస్ట్ పియర్‌తో పోల్చేవాళ్లు ఈ తేడా మరిచిపోతారు.

ఇక ఐ360. పియర్ పోయాక ట్రస్టుకి ఆదాయం రావాలని పియర్ ఉన్న చోటే, ఒడ్డున, 162 మీటర్ల స్తంభం వేసి, జనాన్ని గాజు గదిలో పైకి తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. 2016 ఆగస్టులో తెరిచారు. ఖర్చు 4.6 కోట్ల పౌండ్లు, అందులో 3.6 కోట్లకు పైగా కౌన్సిల్ ఇప్పించిన అప్పు. 'నిలువు పియర్' అని పిలిచారు. పేరుతోపాటు జబ్బు కూడా వారసత్వంగా వచ్చింది: జనం అనుకున్నంత రాలేదు, మబ్బు పట్టిన రోజు పైకెక్కి చూసేదేముంది? వడ్డీలతో 5.1 కోట్లకు చేరిన బాకీని కౌన్సిల్ రద్దు చేసుకోవాల్సి వచ్చింది. 2025 మొదట్లో ఒక బార్ల కంపెనీ దాన్ని లక్షన్నర పౌండ్లకు కొన్నది.

తీసెయ్యరేం?

బాబాయి రెండో ప్రశ్న మిగిలింది. ఒడ్డుకి దగ్గరున్న శిథిలాల్ని 2010లో ఐ360 కోసం తీసేశారు. సముద్రంలో ఉన్నదాన్ని తియ్యాలంటే బార్జీలు, క్రేనులు, నీటి అడుగున పనిచేసేవాళ్లు కావాలి. మిచెల్ మర అంత గట్టిగా పట్టుకుంటుంది మరి. వచ్చే తుక్కు దానికి సరితూగదు. మొదటి ప్రశ్నకీ రెండో ప్రశ్నకీ జవాబు ఒకటే అయి కూర్చుంది: డబ్బు పెట్టేదెవరు? సముద్రమైతే కూలి అడగదు కాబట్టి పని దానికే వదిలేశారు. చలికాలం సాయంత్రాల్లో వేలకొద్దీ గోరింకజాతి పిట్టలు వచ్చి, ఆ ఇనుము చుట్టూ పొగలా మెలికలు తిరిగి, చీకటి పడే వేళకి దాని మీదే వాలతాయి. వాటిని చూడటానికి ఒడ్డున జనం చేరతారు. వాళ్ల దగ్గర టికెట్టు వసూలు చేసే గేటు లేదు.

బయటికి తీసిన స్తంభాలు కొన్నింటిని ఐ360 పక్కన గులకరాళ్ల మీద నిలబెట్టారు. వెళ్లేముందు బాబాయి వాటిల్లో ఒకదాన్ని కణుపులతో తట్టాడు. మొద్దు శబ్దం వచ్చింది.

"పోత ఇనుమే. మన మిల్లు ఇంజను చక్రం ఇదే మోత" అన్నాడు. "అది ఎంతకి పోయిందో తెలుసా? లారీ కిరాయి మనమే ఎదురిచ్చాం."